మనవాళ్లంటే ఎవరు?

"మీ బడిలో పిల్లలకి ఏడుపొస్తే ఎవరి దగ్గరికి వెళ్తారు?"

ప్రొఫెసర్ గారు అడిగిన మొదటి ప్రశ్నకే హెడ్ సిస్టర్ తెల్లమొహం వేసింది.

ఆయన వస్తున్నారని వారం రోజులుగా ఫైళ్లు సర్దుతోంది. ప్రార్థన వేళలు, సత్యోపదేశమనే మతబోధ తరగతులు, పరీక్షల ఫలితాలు అన్నీ బల్ల మీద పేర్చి పెట్టింది. ఆయన వాటివైపు చూడను కూడా లేదు.

"ఎవరి దగ్గరికైనా వెళ్లొచ్చు సార్."

"వెళ్లొచ్చు, సరే. ఎవరి దగ్గరికి వెళ్తారు?"



"లెక్కల టీచర్ దగ్గరికి."

"ఏడిపించేది కూడా ఆవిడే అయ్యుంటుందే!"

"అదీ నిజమే సార్," అంది సిస్టర్ నవ్వాపుకోలేక.

కథోలిక బడి అంటే ఏమిటి, దాన్ని నడిపేవాళ్లు ఎలా ఉండాలి? ప్రొఫెసర్ గారు జీవితమంతా చదివిన చదువూ, చెప్పిన పాఠమూ ఇదే. ఏ కథోలిక బడిలో చూసినా హెడ్డు గదిలో ఆయన పుస్తకం ఉంటుంది. ఎంతోమంది ఫాదర్లు, సిస్టర్లు ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే.

అలాంటి మనిషిని బడి మేనేజర్ ఫాదర్ పట్టుబట్టి పిలిపించాడంటే కారణముంది. సిస్టర్ రిటైరవుతోంది. ఆ కుర్చీలో కూర్చోవడానికి సిస్టర్లుండే మఠంలో మరొకరు లేరు. బడి పెట్టాక మొదటిసారి ఒక మామూలు టీచర్‌ను హెడ్డు చేయాలి.

ఉన్నది ఇద్దరు, ఎవరో ఆయనే తేల్చాలి. ఒకరు సత్యోపదేశం చెప్పే మాస్టారు. చర్చిలో ఏ పూజా మానడు. రెండో మనిషి లెక్కల టీచర్. ఆవిడది వేరే మతం.

ప్రొఫెసర్ గారు రోజంతా బడిలో తిరిగారు. మాస్టారి క్లాసులో వెనక బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నారు. భోజనాల వేళ పిల్లలు చేతులు కడుక్కునే పంపుల దగ్గర నిలబడి చొక్కా తడుపుకున్నారు. సాయంత్రం ఆఫీసు గదికి వచ్చి ఒక్క మాట చెప్పారు.

"లెక్కల టీచర్."

ఫాదర్‌కి తాగుతున్న టీ పొలమారింది.

"ఆవిడ మనవాళ్లు కాదు కదండీ!"

"మనవాళ్లంటే ఎవరు ఫాదర్?"

"భలేవారే! ఆ సంగతి మాకు నేర్పిందే మీరు కదా!"

"అలాంటిదేదీ నేర్పినట్టు గుర్తులేదే," అన్నారాయన, నిజంగానే గుర్తు తెచ్చుకుంటున్నట్టు.

సిస్టర్‌కి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూడటంతోనే సరిపోయింది. ఆయన్ని గేటు దాకా సాగనంపుతూ ఉండబట్టలేక అడిగింది.

"మీరే ఇలా అంటే ఇక మన బడికీ పక్క బడికీ తేడా ఏముంటుంది సార్?"

"నాకూ ఇంకా అర్థం కానిది అదే సిస్టర్," అని ఆయన వెళ్లిపోయారు.

అంత చదివిన మనిషికే అర్థం కాకపోతే ఇక తనెంత? ఆ రాత్రి సిస్టర్ ప్రార్థన మీద మనసు నిలపలేకపోయింది.

"వయసు మీద పడింది, పాపం," అని ఫాదర్ తీసిపారేశాడు. మాస్టారే హెడ్డయ్యాడు. లెక్కల టీచర్ ఏడాది చివర మరో బడికి మారిపోయింది.

మాస్టారు చెడ్డవాడేం కాదు. ప్రార్థన గంట ఒక్కరోజూ ఆలస్యం కానివ్వలేదు. కానీ రిటైరైన సిస్టర్ బడి పక్కనే ఉన్న మఠం కిటికీలోంచి చూస్తే, ఇంటర్వెల్లో ఎవరో ఒక పిల్లో పిల్లవాడో గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంటూ కనిపించేవాళ్లు. అలా తుడుచుకుని, తమంతట తామే క్లాసుకు వెళ్లిపోయేవాళ్లు. ఎక్కడ పొరపాటు జరిగిందో సిస్టర్‌కి అంతుపట్టలేదు. ఒకరోజు ప్రొఫెసర్ గారికి ఫోన్ చేసింది.

"ఫోన్లో చెప్పే మాట కాదు సిస్టర్. ఓసారి ఇంటికి రండి, తీరిగ్గా మాట్లాడుకుందాం."

ఇవాళా రేపా అనుకుంటూ ఉండగానే ఆయన పోయారన్న కబురు వచ్చింది.

అంత్యక్రియల పూజ అక్కడే అని ఎవరికి వాళ్లు అనుకుని వచ్చేసరికి పెద్ద చర్చి నిండిపోయింది. అన్ని బడుల హెడ్లూ పూలు పట్టుకుని వచ్చారు. పాటల బృందం సిద్ధంగా నిలబడింది. పూజ వేళ దాటిపోయింది.

శవపేటిక మాత్రం రాలేదు.

"ఆయనది మీ చర్చి విచారణే కదా?" అని మేనేజర్ ఫాదర్ పక్క చర్చి ఫాదర్‌ని అడిగాడు.

"మాది కాదే! మీదనే అనుకున్నాను."

"మా చర్చికీ రారు. మరి ఏ చర్చికి వెళ్లేవారు?"

ఎవరికీ తెలియదు. ఫోన్ చేస్తే ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. సిస్టర్ టాక్సీ ఎక్కి ఆయన ఇంటికి వెళ్లింది.

ఆయన భార్య తలుపు తీసింది. కళ్లు వాచి ఉన్నాయి.

"పొద్దున్నే అయిపోయింది సిస్టర్. ఇంట్లోవాళ్లమే వెళ్లి దహనం చేసొచ్చాం."

"అయ్యో! అక్కడ చర్చిలో అందరూ ఎదురుచూస్తున్నారమ్మా!"

"చర్చిలోనా?" ఆవిడ అయోమయంగా చూసింది. "ఎందుకు?"

"ఎందుకేమిటమ్మా! అంత గొప్ప మనిషిని పూజ లేకుండా ఎలా పంపిస్తాం?"

ఆవిడ కుర్చీ చూపించి, తనూ ఎదురుగా కూర్చుంది.

"అయితే మీకెవరికీ తెలియదన్నమాట. ఆయనేం దాచలేదు సిస్టర్, అడిగి ఉంటే చెప్పేవారే."

"ఏమని అడగాలమ్మా?"

ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఆయన మీ మతంలో చేరనేలేదు సిస్టర్, జ్ఞానస్నానమే కాలేదు, చిన్నప్పుడు కథోలిక బడిలో చేరిన రోజు మీలాంటి హెడ్ సిస్టర్ ఒకావిడ 'ఈ బడి నీది కూడారా' అందట, ఆ మాట నిజమో కాదో తెలుసుకోవాలనే జీవితమంతా చదివారు."