మందకు దూరంగా

“మందను కాదు, మందకు దూరంగా ఉన్నదాన్ని చూడు,” అంటూ మా ఆయన బైనాక్యులర్స్ నా చేతికిచ్చారు.

గో అభయారణ్యంలో వదిలేసిన ఆవుల్ని రోజూ చూసి రావడం ఆయన ఉద్యోగం. ఆ పని నన్నూ నేర్చుకోమని వారం నుంచి ప్రాణం తోడేస్తుంటే, ఇవాళ విసుక్కుంటూనే వచ్చాను.

ముళ్లపొద పక్కన ఎర్రావు ఒక్కటే నిలబడి ఉంది. మేత ముట్టడం లేదు.

“ఇక బతకదు,” అన్నారు.

“పాపం, మందలోనే ఉండొచ్చుగా?”

“జబ్బు సంగతి అవి బయటపెట్టవు. చివరిదాకా దాచుకుని, ఓపిక అయిపోయాక ఇలా పక్కకొచ్చేస్తాయి.”

నా గురకకు నిద్ర పట్టడం లేదంటూ ఆయన ఆ మధ్య మంచం ముందుగదిలోకి మార్చుకున్నారు. నేను అలిగి, అటు తొంగి కూడా చూడలేదు.

బైనాక్యులర్స్ దించి ఆయన వైపు తిరిగాను.

చొక్కా ఎప్పుడింత వదులైంది?