ఫోనులో బంతిపూల దండ

చదువురానివాళ్ల కోసం తను తయారుచేసిన ఫోను ఎలా పనిచేస్తోందో కనుక్కోవడానికి ఇందుమతి తెనాలి నుంచి భట్టిప్రోలు వచ్చింది. ఆ ఫోనులో పేర్లు ఉండవు. ఎవరితో మాట్లాడాలంటే వాళ్ల ఫొటో నొక్కడమే.

ఆ ఫోను వాడుతున్న అంకమ్మ అప్పుడే నాట్ల నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, దాన్ని తెచ్చి ఇందుమతి చేతిలో పెట్టింది.

"నుదుట బొట్టేది పిన్నీ? కిందటిసారి ఉందిగా?"

"మా ఆయన పోయాడమ్మా."

"అయ్యో! ఎవరు చెప్పారు?"

"నాకెవరు కబురు చేస్తారు? ఫోనులోనే చూశా."

తెర మీద ఆమె భర్త ఫొటో చుట్టూ బంతిపూల దండ ఉంది. అందంగా ఉంటుందని ఆ దండ గీసింది ఇందుమతే.

"ఆ దండ అందుకు కాదు పిన్నీ. మీరు ఎవరికి ఎక్కువగా ఫోను చేస్తారో వాళ్ల ఫొటోకి అదే పడుతుంది. ఆయనకేం అయ్యుండదు."

అంకమ్మ ఏడవలేదు, నవ్వలేదు.

"రోజూ పొద్దుగూకాక చేసేదాన్ని. రింగయ్యేది, ఎత్తేవాడు కాదు. వాడరేవులో ఇంకో ఆవిణ్ణి పెట్టుకుని అక్కడే ఉండిపోయాడు."

"నాదే తప్పు పిన్నీ. ఇప్పుడే తీసేస్తానుండండి," అంటూ ఇందుమతి తెర మీద వేలు పెట్టబోయింది.

అంకమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఉండనివ్వమ్మా. ఆ దండ పడ్డాకే నాకు నిద్ర పడుతోంది."