నీళ్ల నడుమ గుర్తు

తమిళనాడులోని గుడియాత్తంలో అంబిక నడిపే బ్రౌజింగ్ సెంటర్‌లో ఆ రాత్రి ఆమె ఒక్కతే మిగిలింది. ఎవరికి తెలిసిన చోటుకు వాళ్లే పేరు రాసిపెట్టే, ఎవరు రాసిందైనా దిద్దే వీలున్న పటం ఒకటి ఈమధ్యే నెట్‌లోకి వచ్చింది. షట్టర్ దించి, అందులో మోర్ధానా డ్యామ్ కోసం వెతికింది. కొన్నేళ్ల కిందట అక్కడికి మేస్త్రీ పనికి పోయిన అన్న సురేంద్రన్ మళ్లీ ఇల్లు చేరలేదు.

నీళ్ల నడుమ ఎవరో గుర్తు పెట్టి ఉన్నారు. అక్షరాలు తమిళం, మాటలు తెలుగు; ఆ ఊళ్లో తెలుగువాళ్లు రాసుకునే తీరే.

"బుడ్డమ్మా, నేను ఈడనే ఉండాను."

ఆ పేరుతో ఆమెను పిలిచింది అన్న ఒక్కడే. వెంటనే ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, అన్న బతికే ఉండాడు. కంప్యూటర్లో రాసినాడు."

అవతల తల్లి తంగమ్మ టీవీ కట్టేసింది.

"వాడికి సంతకం గూడా రాదు కదమ్మా," అంది. "వేలిముద్రే కదా ఏసేది. ఎవరో ఆటలాడతా ఉండారు. చెరిపెయ్."

అంబిక చెరపబోయింది. తెర మీద ఒక వాక్యం వచ్చింది: ఈ చోటును ఇప్పుడు మరొకరు దిద్దుతున్నారు.

ఫ్యాన్ చప్పుడు తప్ప గదిలో ఏమీ వినిపించడం లేదు. ఆమె చూస్తుండగానే ఆ మాటల పక్కన ఒక్కో అక్షరమే వచ్చి చేరసాగింది.

"చెరిపినావా?" అని అడిగింది తల్లి.

"ఫోన్ పెట్టొద్దమ్మా," అంది అంబిక. "ఇంకా రాస్తానే ఉండాడు."