గోరింకకు తెలియని కబురు

ఇప్పచెట్టు తొర్రలో ఉడుత గింజల కొట్టు పెట్టింది. తొర్ర వడ్రంగిపిట్టది. తలుపు ఎంత గట్టిదంటే, ఒక్క గింజ పోయిన రోజు లేదు. ఎవరికేం కావాలన్నా గోరింకే కబురు మోసుకొచ్చేది. ఎక్కడ మరిచిపోతానో అని దారి పొడవునా గట్టిగా వల్లెవేసుకుంటూ వచ్చేది.

ఒకరోజు, "రేగుపొద కింద పూరేడుకి పిల్లలు పుట్టాయి, కొర్రలు కావాలట!" అని అరుస్తూ వచ్చింది. కింద ముంగిస ఆ మాట విని రేగుపొద వైపు పరుగెత్తింది. వడ్రంగిపిట్ట అది చూసి టకటకా చెట్టు కొట్టబట్టి సరిపోయింది. పూరేడు పిల్లల్ని తోలుకుని వేరే పొదలోకి తప్పించుకుంది.

"నా కొట్టులో ఏమీ పోలేదుగా పిన్నీ?" అంది ఉడుత.

"నీ కొట్టుకేమే! నిన్ను నమ్మి కబురంపిన పిచ్చిదాని పిల్లలు పోయేవి," అని కసిరింది వడ్రంగిపిట్ట.

ఉడుతకు తల కొట్టేసినట్టయింది. మర్నాడే అందరికీ బాదం టెంకల చిప్పలు పంచింది.

"కావలసిన గింజ ఒకటి, మీ పొద ఆకు ఒకటి ఇందులో పెట్టి, తుమ్మజిగురుతో మూసి, మీ పొదకు దూరంగా చెరువుగట్టు మీద పెట్టండి. గోరింక అక్కడి నుంచే తెస్తుంది. నా పళ్లకు తప్ప ఇంకెవరికీ ఊడిరాదు."

మళ్లీ పూరేడు కబురంపిన రోజున ముంగిస దారిలో కాపు కాసింది.

"ఏం తీసుకెళ్తున్నావు తల్లీ? పూరేడు ఇప్పుడెక్కడ ఉంటోందట?" అని తీయగా అడిగింది.

గోరింక టెంకను కొమ్మ మీద పెట్టి, "ఒట్టు మామా, నాకూ తెలీదు!" అంది.

ఆ మాట దానికెంత హాయిగా అనిపించిందంటే, ఆనాటి నుంచి ముంగిస అడగకపోయినా ఆగి మరీ చెప్పి వెళ్తోంది.