చార్టు తీసేసిన రోజు

“నెక్స్ట్, నెక్స్ట్, ఐ అగ్రీ, మళ్లీ నెక్స్ట్.” కళ్లజోళ్ల షాపాయన పాట పాడుతున్నట్టు అనుకుంటూ మౌస్ నొక్కేస్తున్నాడు.

“ముఖం కాస్త వెనక్కి తీయండి. మానిటర్‌ని వాసన చూస్తున్నారా?” అంది భార్య, అద్దాలు తుడుస్తూ.

“అక్షరాలు చీమల్లా పెట్టి చచ్చాడు, నేనేం చెయ్యను? అదిగో, ఇన్‌స్టాల్ అయిపోయింది. రా, నీకో తమాషా చూపిస్తా.”

బటన్ నొక్కాడు. తెర మీద పెద్ద అక్షరాలతో ఒక వరుస పడింది: 7C0E94B2. మళ్లీ నొక్కాడు. ఈసారి D15AF360.

“సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు, ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు. ఆ పదహారింటినీ ఎలా పడితే అలా కలిపేస్తుంది. హెక్సాడెసిమల్ అంటార్ట. కంప్యూటర్ వాళ్లు పాస్‌వర్డులకి వాడుకుంటారు, మనం కళ్ల పరీక్షకి వాడదాం. నొక్కినప్పుడల్లా కొత్త వరుసే. ఎలా ఉంది నా బుర్ర?”

“బాగానే ఉంది. మరి గోడ మీద చార్టు?”

“అటకెక్కించేశా. పదేళ్లుగా అదే చార్టు. నన్ను నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పేస్తా. మీ నాన్నగారు మాత్రం అప్పజెప్పట్లేదని ఏంటి నమ్మకం?”

ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది. తండ్రి బస్సు డ్రైవరు. ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది. పోయిన వారం బస్సు పక్కద్దాన్ని డిపో గేటుకి తగిలించాడు. చూపు బాగుందని ఈ షాపు నుంచి కాగితం తెస్తేనే రేపట్నుంచి బస్సు, లేకపోతే ఇల్లే అన్నారు డిపోవాళ్లు.

“ఏటా ఒక్క అక్షరం తప్పకుండా చదువుతున్నాడు కదండీ.”

“నా అనుమానం కూడా అదే.”

గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. షాపాయన చటుక్కున లేచాడు. “రండి సార్, లోపలికి రండి.”

“కొత్తగా సార్ ఏంటయ్యా అల్లుడూ?” అంటూ డ్రైవరు ఎండలోంచి లోపలికొచ్చి, అడ్డంగా ఉన్న స్టూలుని తన్నుకున్నాడు.

“షాపు అలవాటు మావయ్యా,” అని నవ్వి, ‘చూశావా’ అన్నట్టు భార్య వైపు తిరిగాడు షాపాయన.

మానిటర్‌ని ఆ చివర, చార్టు ఉండే చోట పెట్టారు. ఈ చివర కుర్చీలో డ్రైవరు. పక్కనే నిటారుగా షాపాయన. భార్యని తెర దగ్గర నిలబెట్టాడు.

“నువ్వు బటన్ నొక్కి, పడిన వరుసని చీటీ మీద రాసుకో. తప్పులు లెక్కపెట్టు. నోరు మాత్రం విప్పకు, మీ నాన్నకి అందిస్తావు.”

డ్రైవరు అరచేత్తో ఒక కన్ను మూసుకున్నాడు. “మూడు, ఎఫ్, సున్నా, బి...”

“బి కాదు మావయ్యా, ఎనిమిది.”

“నాకు బి లాగే ఉంది మరి.”

“లాగే ఉంటుంది. అందుకే కదా పరీక్ష.”

చీటీ మీద ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఇంకో వరుస నొక్కింది.

“తొమ్మిది, ఏ, డి...”

“డి కాదు, సున్నా.”

ఆ తర్వాత ‘ఈ’ అన్న అక్షరం ‘ఎఫ్’ అయింది, ఆరు అన్నది ఎనిమిదయింది. షాపాయనకి ఉత్సాహం ఆగడం లేదు. ఒక్కో తప్పుకీ ఒక్కో వేలు మడుస్తున్నాడు. డ్రైవరు గొంతు మాత్రం వరుస వరుసకీ తగ్గిపోతోంది.

“పదేళ్లకి దొరికారు మావయ్యా. మనిషిని మోసం చెయ్యొచ్చుగానీ సాఫ్ట్‌వేర్‌ని చెయ్యలేరు.”

“నేనేం మోసం చేశానయ్యా? కనబడిందే చదివాను.” డ్రైవరు చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకున్నాడు. “స్టీరింగు తప్ప ఇంకోటి పట్టుకోవడం రాదు నాకు.”

షాపాయన ఉషారు కాస్త తగ్గించుకుని భార్యని పిలిచాడు. “చెప్పు, ఎన్ని తప్పులు?”

ఆమె చీటీని పైనుంచి కిందికి ఇంకోసారి చూసింది.

“నాలుగు.”

“నేనూ నాలుగే లెక్కపెట్టా,” అన్నాడు షాపాయన.

ఆమె అరలోంచి, అద్దాలు మార్చి చూపు చూసే పరీక్ష ఫ్రేము తీసి, కొంగుతో తుడిచి, కుర్చీ దగ్గరికొచ్చింది. డ్రైవరు కళ్లు మూసుకుని ముఖం ముందుకు పెట్టాడు.

“నీకు కాదు నాన్నా. తప్పులు చదివింది మీ అల్లుడు.”