ఎదురింటి నీలిగోడ

"ఇట్ల రా, ఒకసారి చూడు! ఈ పొద్దు గోడ గూడా!"

కవిత మొగుడి చెయ్యి పట్టుకొని కిటికీ దగ్గరికి లాక్కొచ్చింది. వీరేష్ నోట్లో బ్రష్షు ఉండగానే తొంగిచూశాడు. ఎదురు పోర్షన్ తలుపు తెరిచి ఉంది. లోపల అయ్యన్న స్టూలెక్కి గోడకు నీలిరంగు కొడుతున్నాడు. అతని పెళ్ళాం మారెమ్మ కింద నిలబడి, "ఆ మూల ఇడిసిపెట్టినావు" అని చెయ్యెత్తి చూపిస్తోంది.

"కొట్టుకోనీ. నీ ఇల్లు బాగుందనే గదా కొట్టుకుంటాండారు?" అన్నాడు వీరేష్.

"మూడు గోడలు తెల్లవి, ఒక్కటి నీలం. అచ్చం మన మాదిరే! మనం కొట్టి నాలుగు దినాలు గూడా కాలేదు. నేను వండిన కూర ఆమె వడ్డించుకున్నట్లుంది."

కవిత ఆదోని బట్టల షాపులో చీరల కౌంటర్లో పనిచేస్తుంది. అన్నం తినే వేళ ఫోన్లో ఇల్లు సర్దే వీడియోలు చూడటం ఆమెకు అలవాటు. కర్టెను కిటికీ వరకే కాకుండా పైకప్పు నుంచి వేలాడదీస్తే చిన్న గది పెద్దగా కనిపిస్తుందని, కిటికీకి ఎదురుగా అద్దం పెడితే వెలుతురు ఎక్కువవుతుందని అక్కడే నేర్చుకుంది. పాత పసుప్పచ్చ చీర కర్టెనయింది. షాపులో మిగిలిన ముక్కలు దిండు గలీబులయ్యాయి. పెళ్ళి కార్డుల అట్టలతో పిచ్చుకలు కత్తిరించి దారానికి గుచ్చితే, వాటిని కట్టేటప్పుడు వీరేష్ ఒకదాని రెక్క వంచేశాడు.

ఏది చేసినా నాలుగు రోజుల్లో అదే మారెమ్మ గుమ్మంలోంచి కనిపించేది. మొదట పసుప్పచ్చ కర్టెను. తర్వాత అద్దం. ఇప్పుడు గోడ.

"అడిగేస్తా ఈ పొద్దు."

"అడుగు. రేపు నందూను ఎవరి దగ్గర ఇడిసిపోతావు?"

రెండేళ్ళు కూడా నిండని కూతురు నందినిని కవిత రోజూ పొద్దున మారెమ్మ గుమ్మంలో అప్పగించి షాపుకు పరిగెత్తుతుంది, సాయంత్రం అదే గుమ్మంలో ఎత్తుకుంటుంది. మొదట్లో పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకునేది. ఇప్పుడు అలవాటు పడి, చెయ్యి కూడా ఊపుతోంది. అంత బాగా చూసుకునే మనిషితో తగువేం పెట్టుకుంటుంది? కోపాన్నంతా దిగమింగింది. అది అరగలేదు.

ఆదివారం ఎమ్మిగనూరులో పుట్టింటికి వెళ్ళినప్పుడు, నేతగాళ్ళ ఇంట్లోనే ఎర్రంచు తెల్ల దుప్పటి కొనుక్కుంది. ఆదోని అంతా గాలించినా ఇట్లాంటిది దొరకదు. ఇంటికొస్తూనే మంచాన్ని నీలిగోడ దగ్గర్నుంచి కిటికీ కిందికి జరిపి దాని మీద దుప్పటి పరిచింది. కర్టెను పీకి పెట్టెలో పడేసింది.

"ఇప్పుడు కాపీ కొట్టమను, చూస్తా."

సోమవారం సాయంత్రం మారెమ్మ పిల్లను ఎత్తుకొని తనే వచ్చింది. నందిని కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. మారెమ్మ గుమ్మంలో నిలబడి లోపలికి చూసి బిత్తరపోయింది.

"ఇల్లు మార్చినావా కవితా? ఆ కర్టెను యాడ పోయె?"

"తీసేసినా."

"మంచం ఎందుకు జరిపినావు? ఆడనే బాగుండె గదా."

"నా ఇల్లు అక్కా. నా ఇష్టం."

"అట్ల కాదు తల్లీ. ఊరూరికే మార్చొద్దు. ఉన్నది ఉన్నట్టే ఉండనీ."

కవితకు ఒళ్ళు మండిపోయింది. తన ఇంట్లో తన మంచం జరుపుకోవడానికి ఈమె అనుమతా?

"పాప ఎందుకు ఇంతగా ఏడ్చింది?" అంది కటువుగా.

మారెమ్మ ఏదో చెప్పబోయి, దుప్పటి వైపు ఇంకోసారి పరీక్షగా చూసి, పిల్లను అప్పగించి వెళ్ళిపోయింది.

"చూసినావా? కర్టెను తీసేసినానని నా మీద కోపం. దాన్ని పిల్ల మీద చూపించింది" అంది కవిత. లోపలున్న వీరేష్ కూడా ఈసారి తేలిగ్గా తీసెయ్యలేదు.

బుధవారం షాపులో కరెంటు పోయి, మధ్యాహ్నానికే అందర్నీ ఇంటికి పంపించేశారు. కవిత ఎండలో గబగబా నడిచొచ్చింది. మారెమ్మ తలుపు దగ్గరగా వేసి ఉంది. పిల్లను ఎట్లా చూస్తోందో కళ్ళారా చూడాలని, పిలవకుండానే తోసి, మొదటిసారి ఆ ఇంట్లో అడుగుపెట్టింది.

కర్టెను లేదు. మంచం కిటికీ కిందికి వచ్చేసింది. దాని మీద తెల్ల దుప్పటి, చుట్టూ ఎర్రగుడ్డ పీలికలు చేత్తో కుట్టి అంచు చేశారు. పైన అట్ట పిచ్చుకలు. వాటిలో ఒకదాని రెక్క కావాలనే వంచి ఉంది.

కవిత ఆ రెక్క వైపు వేలు చూపించింది.

"వంకర గూడా వదల్లేదా నువ్వు? ఎక్కిరిస్తాండావా నన్ను? నీకంటూ సొంత బుద్ధి లేదా మారెమ్మక్కా?"

సూదీ దారంతో కింద కూర్చొని ఉన్న మారెమ్మ ఉలిక్కిపడి లేచింది. మూతి మీద వేలు పెట్టి మంచం వైపు చూపించింది. దిండ్ల మధ్య నందిని ఆదమరిచి నిద్రపోతోంది.

"మెల్లగ, కవితా" అంది మారెమ్మ. "నీకు సెప్తే బాధపడతావని సెప్పలేదు."

"ఏంది చెప్పలేదు?"

మారెమ్మ పిల్ల మీదికి దుప్పటి లాగింది.

"ఇది మీ ఇల్లే అనుకుంటేనే పాప నిద్రపోతాది."