మాణిక్యాంబ వీలునామా వీడియో

మాణిక్యాంబ మొగుడు అంకయ్యను మోసం చేసి చచ్చిపోయింది. జనక్‌పురిలో తన పేరున ఉన్న ఫ్లాటును చెల్లెలికి రాసేసింది. మతి చలించి రాసిందని కేసు వేసి, ఆ ఇల్లు దక్కించుకోవాలని అంకయ్య పంతం.

ఆఖరి మెట్రో వెళ్లిపోయాక వీధిలో చప్పుడు లేదు. లాయరు వైశాలి ఆఫీసులో ఆమె, అంకయ్య ఇద్దరే ఉన్నారు.

"వీలునామా రాసిన రోజు ఆంటీ చేత చదివించి వీడియో తీశారంకుల్. నేను రెండుసార్లు చూశాను. ఆవిడెక్కడా తడబడలేదు" అంటూ ఆమె లాప్‌టాప్ అతని వైపు తిప్పింది.

తెర మీద మాణిక్యాంబ నింపాదిగా చదువుతోంది. ఉన్నట్టుండి ఆపి, తలెత్తి, నేరుగా అంకయ్యను చూసింది. అతను కుర్చీ పక్కకు జరుపుకున్నాడు. ఆమె కళ్లు కూడా అటే జరిగాయి.

"అటు జరిగి కూర్చుంటే ఇల్లు మీదైపోతుందా?" అంది.

వైశాలి ముఖం పాలిపోయింది. "ఈ మాట ఇందాక లేదంకుల్" అని వీడియో ఆపేసింది. బొమ్మ ఆగింది. అందులోంచి ఊపిరి తీస్తున్న చప్పుడు మాత్రం వినిపిస్తూనే ఉంది.

అంకయ్య లేచాడు. "కేసొద్దు."

"మరి ఇల్లు?"

"దాని చెల్లెల్నే ఏలుకోమను. ఈ సంగతి మళ్లీ నా దగ్గర ఎత్తకమ్మాయ్. దేవుడడిగినా నేను చెప్పను."